వేడెక్కని ట్యాంకు

ఊళ్ళో తెలివంతా తమ ఇంట్లోనే ఉందని గవరయ్యకీ, తమ్ముడు అప్పలకొండకీ గట్టి నమ్మకం. ఆ తెలివితోనే ఓ పాత మోటారు సైకిలు కొన్నారు. మెకానిక్ మరీ మరీ చెప్పాడు: "చలిపొద్దున చోక్ లాగి స్టార్ట్ చెయ్యండి. చోక్ లాగితే ఇంజనులోకి గాలి తగ్గి పెట్రోలు ఎక్కువ పోతుంది. అందుకని బండి వేడెక్కగానే మూసెయ్యండి. లేదంటే ట్యాంకు ఖాళీ!"

ఆ మాఘమాసం పొద్దున గవరయ్యకి పెళ్ళిచూపులు. సంతలో పైడమ్మని చూసినప్పట్నుంచి అతనికి అన్నం సయించడం లేదు. వాళ్ళ నాన్నేమో తెలివైనవాడికే పిల్లనిస్తానని కూర్చున్నాడు. ఇంకేం, నాకే అనుకున్నాడు గవరయ్య.

చోక్ లాగాడు. బండి స్టార్టయింది. అప్పలకొండ, జ్వరమొచ్చిన పిల్లాడి నుదురు చూసినట్టు, పెట్రోలు ట్యాంకు మీద చెయ్యి వేశాడు.

"వేడెక్కిందేంట్రా?"

"ఎక్కడ, అన్నయ్యా! మంచుగడ్డే!"

"అయితే చోక్ ముయ్యకూడదు."

అంతే, అలాగే బయల్దేరారు. దారిలో గాలి కొట్టేకొద్దీ ట్యాంకు ఇంకా చల్లబడింది. పెళ్ళిచూపుల కొత్త కండువా దానికి చుట్టారు. లాభం లేదు. తమ్ముణ్ణి ముందు కూర్చోబెట్టి ట్యాంకుని వాటేసుకోమన్నాడు గవరయ్య. తమ్ముడికి వణుకు పట్టింది గానీ ట్యాంకు వేడెక్కలేదు. వెనక నల్లటి పొగ. సగం దారిలో, టీ కొట్టు ముందు పెట్రోలు అయిపోయింది.

"అక్కా, బిందెడు వేణ్ణీళ్ళియ్యి. ట్యాంకు వేడెక్కడం లేదు, దానిమీద పొయ్యాలి."

కొట్టు ఆవిడ నెత్తి కొట్టుకుంది. "వేడెక్కేది ట్యాంకు కాదురా నాయనా, ఇంజను! చెయ్యి పెట్టి చూడు!"

పెట్టాడు. చుర్రుమంది. "తమ్ముడూ, ఎక్కిందిరోయ్!" అని గంతులేశాడు.

ఇంకేముంది, సీసాడు పెట్రోలు కొని పోసి, చోక్ మూసేశారు. బండి హాయిగా పరిగెత్తింది.

"మనంత వెధవలు ఎక్కడా ఉండర్రా," అని గవరయ్య తనని తనే తిట్టుకున్నాడు. "ఒక్కటి మూస్తేనే ఇంత కలిసొచ్చిందే, ట్యాంకు కింద పెట్రోలు కుళాయి కూడా మూసేస్తే?"

మూశాడు. కాసేపటికి బండి ఆగింది. మిగతా దారంతా తోసుకుంటూ పిల్ల వాళ్ళింటికి చేరేసరికి మిట్టమధ్యాహ్నం. గుమ్మంలో పైడమ్మ నాన్న కళ్ళెర్రజేసి నిలబడ్డాడు. పిల్ల చెయ్యి దాటిపోయినట్టే అనుకున్నాడు గవరయ్య.

"ఆలస్యమైంది గానీ మావా, కుళాయి కట్టేసి తెచ్చాం. అక్కణ్ణించి చుక్క పెట్రోలు కాలలేదు!"

ఆయన ట్యాంకు మూత తీసి చూశాడు. గవరయ్యని గట్టిగా కావలించుకున్నాడు.

"ఇలాంటి అల్లుడి కోసమేరా ఇన్నాళ్ళూ చూస్తున్నది! అమ్మా పైడమ్మా, ఇకనుంచి గ్యాసు కట్టేసి టీ పెట్టు!"

పైడమ్మ సిగ్గుపడుతూ గ్లాసు తెచ్చింది. పచ్చినీళ్ళ మీద టీపొడి తేలుతోంది. గవరయ్య కాలిన చేత్తో గ్లాసు తడిమి చూశాడు.

"తొందరేం లేదు," అన్నాడు. "వేడెక్కాక తాగుతాను."