కాడి చూడని నక్క ఆచార్యులు

మనుషుల్ని నమ్మడం మానేసి పశువులే సొంతంగా సేద్యం చేసుకునే చేను ఒకటి ఉండేది. అక్కడి నాగలికి ఎలపట, అంటే కుడివైపు, బసవడనే ఎద్దు. దాపట, అంటే ఎడమవైపు, కపిల అనే ఆవు. కాడి ఒకటే, సాలు ఒకటే. సాలు చివరికి వచ్చేసరికి బసవడు పెళ్లికొడుకులా నిలబడేవాడు, కపిల మెడ వాలిపోయేది.

కారణం కపిలకు తెలుసు. నాగలిని కాడికి కట్టే తాడు నడుమ ఉండాలి. అది జానెడు ఆమె వైపు జరిగి ఉంది. బరువంతా ఆమె మెడ మీదే.

"బావా, ఆ తాడు కాస్త నడిమికి కట్టించవూ?"

"అది మా తాతల నాటి కట్టు. ఆడలేక మద్దెల ఓడు అందిట నీలాంటిదే! దుక్కులు ముగిసేలోపు మెడ నిలబెట్టావా సరే. లేదంటే నీకూ నీ దూడకూ కొట్టంలో చోటు లేదు."

పైగా తానే వైద్యం కుదిర్చాడు. కొండగుహలో కూర్చుని ఫోనులోనే మెడనొప్పులు పోగొట్టే నక్క ఆచార్యులు! కాకి కాడి కొసన కూర్చుని కాళ్లతో ఫోను పట్టుకునేది.

"మెడ ఎత్తు తల్లీ! గడ్డం లోపలికి. గుండెల నిండా ఊపిరి పీల్చు... వదులు."

"ఎత్తలేకపోతున్నాను గురువుగారూ. ఒక్కసారి కాడి కూడా చూడండి."

"కాడితో మనకేం పని? కాకీ, ఫోను మెడ మీదే ఉంచు. ఈ ఆడవాళ్లకు నిలబడ్డం రాదు, కూర్చోడం రాదు. చివరికి ఊపిరి పీల్చడం కూడా మేమే నేర్పాలి!"

ఇరవై రోజులు కపిల పీల్చింది, వదిలింది. మెడ మీద పుండు లేచింది. గడువు ఇంకొక్క రోజే మిగిలింది.

ఆ ఉదయం ఆమె మహా వినయంగా అంది: "ఏం నిలబడతావు బావా నువ్వు! ఒక్క సాలు నా చోట నిలబడి చూపించు. చూసి నేర్చుకుంటా."

పొగడ్తకు పడని ఎద్దు ఇంకా పుట్టలేదు. "చూసి బుద్ధి తెచ్చుకో," అంటూ బసవడు దాపటకు వచ్చాడు. కాడి కట్టే పొట్టేలు ఇద్దరి మెడల మీదా కాడి పెట్టింది. తాడు ముడి మాత్రం ఉన్నచోటే ఉంది.

సగం సాలుకే బసవడి మెడ వేలాడింది. కాకి ఎప్పటిలాగే ఫోను దాపటి మెడ మీదికే పట్టింది. గుహలో కునికిపాట్లు పడుతున్న నక్కకు ఏ మెడైనా ఒకటే. రోజువారీ పాఠం అందుకుంది.

"మళ్లీ వాల్చావా తల్లీ? దూడను కన్నాక ఒళ్లు బరువెక్కడం మామూలే. బద్ధకం వదిలి ఊపిరి పీల్చు!"

"ఎవర్రా తల్లి?" బసవడు రంకె వేశాడు. "కాడి చూడరా గుడ్డినక్కా! బరువంతా ఇటే పడి చస్తుంటే మెడ ఎలా ఎత్తను? ఒరేయ్ పొట్టేలూ, ఆ తాడు నడిమికి కట్టరా!"

"తాతల నాటి కట్టు కదా బావా?" అంది కపిల.

"తాతలకు తలకాయలుంటేగా!"

ఆ రంకె చేనంతా విన్నది. మేకలు నవ్వాయి, కోళ్లు ఆ మాటను పెరడు పెరడుకూ మోశాయి. బసవడికి ఇక మాట మార్చే దారి లేదు. తాడు నడిమికొచ్చింది, కొట్టంలో చోటు ఊసు మళ్లీ ఎవరూ ఎత్తలేదు. బరువు సమమయ్యాక పుండు మానింది. ఆ ఊపిరి వ్యాయామం కూడా కపిలకు హాయిగానే ఉంది, నక్క లేకుండా.

నీతి: మెడ ఎత్తమని చెప్పేవాడి మెడ మీద ముందు కాడి పెట్టి చూడాలి.