గోడ అవతలి అంబలి

దాలినాయుడు మేస్టారికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా ప్రశ్న అడిగితే ముందు వాళ్ళ చేతికి ఏదో ఒక పని ఇచ్చేవారు. చింతపండులో గింజలు తీయమనేవారు, గోంగూర ఆకు వలవమనేవారు, అదీ కాకపోతే రోలు ముందు కూర్చోబెట్టేవారు. పని సగానికి వచ్చేసరికి చాలామంది తమ ప్రశ్నను తామే వెనక్కి తీసుకునేవారు. అప్పటికీ నిలిచిన ప్రశ్నకే ఆయన జవాబు చెప్పేవారు. ఆ జవాబు కూడా మాటల్లో దొరికేది తక్కువ.

మేం ఆయన దగ్గర వంట నేర్చుకోవడానికి వెళ్ళినవాళ్ళం. పెద్ద చదువులు చదివి, కంచంలోనూ రాజకీయం ఉంటుందని నమ్మి, "మన నేల, మన గింజ, మన గిన్నె" అని చొక్కాల మీద అచ్చు వేయించుకుని ఇసకలపేట అనే ఆ సముద్రతీరపు ఊరికి చేరాం. పెళ్ళిళ్ళకీ సత్రాలకీ వండి వండి ముసలివాడైన మేస్టారు మా చొక్కాల మీది రాతను కూడబలుక్కుని చదివి, "బట్ట మంచిదే. నూనె మరక పడితే మట్టుకు పోదు" అన్నారు. ఆయన ఇప్పుడు లేరు. ఆ నినాదం ఇంకా నా దగ్గర ఉంది. దాన్ని నేను ఇప్పటికీ నమ్ముతాను.

మాలో హిమజది తిరిగిన చెయ్యి. ఇసకలపేట ఒడ్డున కొత్తగా రిసార్టు కట్టినప్పుడు అక్కడి వంటశాలకు ఆమెనే పెద్దగా పెట్టుకున్నారు. ఎత్తయిన గోడ, గోడ లోపల ఈతకొలను, వచ్చినవాళ్ళ చేతికి పసుపుపచ్చ ప్లాస్టిక్ పట్టీ. ఆ పట్టీ ఉంటే తెల్లవారినప్పటి నుంచి పడుకోబోయేదాకా ఎంత కావాలంటే అంత తినొచ్చు, బయట అడుగు పెట్టే పని లేదు. భోజనశాల అద్దాల్లోంచి సముద్రం కనిపిస్తుంది. కంచంలోని చేప మాత్రం ఎక్కడో రాష్ట్రం కాని రాష్ట్రంలో గడ్డకట్టి లారీలో వస్తుంది. హిమజే చెప్పింది: పొద్దున ఒకే గ్రేవీ కాస్తారు, అందులో పాలకూర కలిపితే ఒక కూర, మీగడ కలిపితే మరో కూర. వరసగా మూతలు, కింద నీలిమంటలు, పూట ముగిశాక మిగిలిందంతా పెద్ద డ్రమ్ములోకి. తిండిని వస్తువుగా, మనిషిని నోరుగా మార్చే ఈ వ్యవస్థకు విడిది అని పేరు పెట్టినవాళ్ళ మీద నాకు ఈరోజుకీ కోపమే.

అతిథులు తిండి చప్పగా ఉందని ఫిర్యాదు చేయడం మొదలుపెట్టారు. యజమాని హిమజను పిలిచి, సీజను మొదలయ్యేలోగా "ఊరి వంట" అని ఒక కౌంటరు తెరవాలన్నాడు. ఒడ్డున పాకలో భోజనం పెట్టే పైడమ్మను లోపలికి తేవాలి, తేలేకపోతే నగరం నుంచి వేరే చెఫ్ వస్తాడు. పైడమ్మ వెళ్తే పాక మూతపడుతుంది. వెళ్ళకపోతే హిమజ ఉద్యోగం పోతుంది. ఆ సాయంత్రం ఆమె మేస్టారి దగ్గరికి వచ్చింది.

"మేస్టారూ, మనిషి పైడమ్మే, చెయ్యి పైడమ్మదే. ఆమె రోలు, ఆమె మట్టి దాకలు కూడా మోయించుకెళ్తాను. పాకలో ఉన్న రుచి గోడ లోపల ఎందుకుండదు?"

నేను ఆగలేకపోయాను. "ఇది సాంస్కృతిక దోపిడీ! ముందు పాకకి వచ్చేవాళ్ళని గోడ లోపలికి లాగేశారు. ఇప్పుడు పాకలో మనిషిని కూడా లాగుతున్నారు. పెట్టుబడికి ఆకలి తీరదు, హిమజా!"

"బాబూ, నీ మాటలో ఉప్పెక్కువైంది. కాసిని మంచినీళ్ళు తాగు" అని, మేస్టారు హిమజ ముందుకు వెల్లుల్లి చేట తోశారు. ఆమె చేటంతా వలిచింది. ప్రశ్న అలాగే ఉంది. "అయితే రేపు మధ్యాహ్నం పైడమ్మ దగ్గర తిందారి" అన్నారు.

ఆ పాక గురించి చెప్పాలి. తాటాకు కప్పు, కింద ఇసకలో పరిచిన చాపలు, మూల కట్టెల పొయ్యి. రిసార్టు రాక ముందు ఆదివారాలు అక్కడ చోటు దొరికేది కాదు. ఊళ్ళో గదులు తీసుకుని దిగినవాళ్ళు, లారీ డ్రైవర్లు, మాలాంటి వాళ్ళు అంతా ఆ చాపల మీదే పక్కపక్కన కూర్చునేవాళ్ళం. ఏం వండావని ఎవరూ అడిగేవారు కాదు. "ఏం పడింది పైడమ్మా?" అని అడిగేవారు. ఏం వండాలో పైడమ్మ అనుకునేది కాదు, పడవలు చెప్పేవి. ఆమె ఒడ్డుకెళ్ళి వలల్లోకి తొంగి చూసి, ఒడిలో వేసుకుని వచ్చినదే ఆ పూట కూర. చింతపండు పులుసు మరిగే ఆ వాసన, దానిలో కలిసిన కట్టెపొగ కొన్ని సాయంత్రాలు ఇప్పటికీ నగరంలో ఏ సందులోంచో వచ్చి నన్ను నిలబెట్టేస్తాయి.

మేం వెళ్ళేసరికి పాకలో ఒకే ఒక పెద్దాయన ఉన్నాడు. చేతికి పసుపుపచ్చ పట్టీ ఉంది. పేరు రాజలింగమట, సిరిసిల్ల మనిషి, కూతురూ అల్లుడితో కలిసి రిసార్టుకు వచ్చాడు. వాళ్ళు కొలనులో ఉండగా గోడ దాటి ఇటు నడిచాడు.

"చేపల కూర తింటనమ్మా" అన్నాడు.

"ఈయేల సేప నేదు బావూ. గాలి తిరగబడింది, పడవలు ఉత్తినే ఒచ్చినాయి."

"నిన్నటిది?"

"నిన్నటిది నిన్ననే తినీసినారు కదేటి!"

ఆ పెద్దాయన ముఖం వెలిగింది. కోప్పడతాడనుకున్నాం. "లేదా? మంచిగైంది" అని చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. "ఆడికి ఒచ్చినప్పటి సంది 'లేదు' అన్నోళ్ళు లేరమ్మా. ఏది అడిగితె అది. నాకు ఆడ ఆకలే అయితలేదు. ఉన్నది ఏందో అదే పెట్టు."

"ఉన్నది మా ఇంటి అంబలి. చోడంబలి. మీరు తాగుతారేటి?" అని పైడమ్మ నవ్వింది. "తాగుతానంటే కూకోండి. నెత్తళ్ళు కాల్చాల. ఉత్తినే కూకోడం ఎందుకు, ఆ ఉల్లిపాయలు ఒలవండి."

ఆయన ఉల్లిపాయలు వలిచాడు. మేమూ వలిచాం. ఎండబెట్టిన చిట్టి చేపలు, ఆ నెత్తళ్ళు, నిప్పుల మీద చిటపటమన్నాయి. పైడమ్మ అందరికీ గిన్నెల్లో రాగి అంబలి పోసి, కాల్చిన నెత్తళ్ళను ఉల్లిపాయతో నలిపి పక్కన పెట్టింది. రాజలింగం గిన్నె ఎత్తి, దించకుండా తాగాడు. మూతి తుడుచుకుని, "మా దిక్కు జొన్న గట్క తాగినట్టే ఉంది. ఎన్నేండ్లాయె!" అన్నాడు. తర్వాత, రిసార్టులో అలవాటైన చెయ్యి కదా, లేచి వెళ్ళి కుండలో గరిటె ముంచి తానే పోసుకోబోయాడు.

పైడమ్మ ఆయన మణికట్టు పట్టుకుంది, సరిగ్గా ఆ పసుపు పట్టీ మీద. "ఆగండి బావూ. ఆ అడుగునున్న గరిటెడు మా ఇంటాయనది."

హిమజ తల దించుకుంది. రాజలింగం గరిటె వదిలేశాడు. అవమానపడ్డాడేమోనని నేను భయపడ్డాను. ఆయన మాత్రం కుండలోకే చూస్తున్నాడు.

"మా నాయిన మగ్గం దిగి ఒచ్చేది శానా ఆలస్యమయ్యేది" అన్నాడు మెల్లగా. "మేం ఆరుగురం పిల్లలం. ఆకలి ఎంతున్నా అడుగున నాయిన కోసమని ఉంచిన గంటెడు ముట్టకపోయేది. నాయిన ఒచ్చి, దాంట్లకెళ్ళి మల్ల తలా ఇంత మా నోట్ల పెడుతుండె. ఆ రుచి..." కండువాతో ముఖం తుడుచుకుని, "ఉల్లిగడ్డ ఘాటు" అన్నాడు.

కాసేపటికి పైడమ్మ భర్త ఎర్రయ్య వల బాగుచేయడం ముగించి వచ్చాడు. కాళ్ళు కడుక్కుని కూర్చున్నాడు. పైడమ్మ కుండ వంచి ఆయన గిన్నెలో పోసింది. ఆయన చుట్టూ చూశాడు, ఖాళీ గిన్నె ముందు కూర్చున్న ముసలాయన్ని చూశాడు. తన గిన్నెలోంచి సగం ఆ గిన్నెలోకి వంపాడు.

"నీకు చాలదయ్యా!" అన్నాడు రాజలింగం.

"ఎవులికి చాలుతాది బావూ? తాగండి" అన్నాడు ఎర్రయ్య.

రాజలింగం ఈసారి ఒక్క గుక్కలో తాగలేదు. చంటిపిల్లకి పాలు పడుతున్నట్టు కొంచెం కొంచెంగా తాగాడు. వెళ్ళేటప్పుడు గిన్నె తనే కడిగి బోర్లించాడు. గోడ వైపు నడుస్తూ రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు.

అప్పుడు పైడమ్మే హిమజ పక్కన వచ్చి కూర్చుంది. "నువ్వెందుకొచ్చినావో నాకు తెలుసు తల్లీ. మీ రిసార్టు మనిషి ఒకడు ముందే ఒచ్చి సెప్పినాడు. ఒస్తాను, ఎందుకు రాను? ఇక్కడికి ఇంకెవులొస్తన్నారు? కప్పు మార్చాల, ఈయనకి మోకాలు నొప్పి. రేపట్నుంచి రమ్మంటే రేపట్నుంచే ఒస్తాను."

వద్దని అరవాలనిపించింది నాకు. ఈ నేల నీది, ఈ పొయ్యి నీ హక్కు అనాలనిపించింది. కానీ ఖాళీ చాపలు నా కళ్ళ ముందే ఉన్నాయి. ఆ పాకలో ఆదివారాలు తిరిగి తెచ్చిపెట్టగల మాట నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు.

హిమజ మాత్రం సంతోషించలేకపోయింది. కోరుకున్న జవాబు చేతికి వచ్చినా ఆమె ముఖంలో నిన్నటి ప్రశ్న అలాగే ఉంది. బయట ఇసకలో చెయ్యి కడుక్కుంటున్న మేస్టారి దగ్గరికి వెళ్ళింది.

"వస్తానంటోంది మేస్టారూ. ఇప్పుడు చెప్పండి. తీసుకెళ్ళనా, వద్దా?"

మేస్టారు చెంబులో మిగిలిన నీళ్ళు ఆమె చేతుల మీద పోశారు.

"తీసుకెళ్ళమ్మా. కాకపోతే మీ గోడ లోపల కుండ అడుగున ఉంచే ఆ గరిటెడు ఎవరిదో ముందు కనుక్కో. పైడమ్మ పొయ్యి ముట్టించక ముందే అడుగుతుంది."