నూకాలు ఒప్పుకున్న అబద్ధం

వరికోతలు అయిపోయి పొలమంతా మోళ్ళు మిగిలిన రోజుల్లో కాలవగట్టు మీది జంతువులకి పెద్దగా పనుండదు. పని లేనప్పుడు ఎవరి గొడవ వాళ్ళు చూసుకుంటారా అంటే, చూసుకోరు. ఆ ఏడు అందరికీ దొరికిన గొడవ పందికొక్కు కంకయ్యది.

కంకయ్య, అతని పెళ్ళాం నూకాలు కలిసి ఆ గట్టులో బొరియ తవ్వుకున్నారు. కంకయ్య చేలోకి దిగి కంకులు కొరికి పడేసేవాడు. నూకాలు వాటిని నోట కరుచుకుని, గట్టెక్కించి, లోపల అరల్లో పేర్చేది. కొరకడం ఒక పనే, కాదనను. కానీ కాళ్ళు బురదలో కూరుకుపోతుంటే కంకులు ఈడ్చుకురావడం అంతకంటే పెద్ద పని. ఈ సంగతి కంకయ్యకీ తెలుసు, కాకపోతే తెలిసినట్టు కనబడడం అతనికి ఇష్టం లేదు.

నూకాలు పురిటికి పుట్టింటికి వెళ్ళింది. పసిగుడ్లని ఒక్కొక్కర్నీ నోట కరుచుకుని మోసుకుంటూ తిరిగొచ్చేసరికి గుమ్మంలో కంకయ్య అడ్డంగా నిలబడి ఉన్నాడు.

"మనకిక పడదు నూకాలూ. చెరుకుతోటలో ఒకావిడతో మాటైపోయింది. నీ దారి నువ్వు చూసుకో."

నూకాలు ఏడవలేదు. "పడకపోతే విడిపోదాం. నీతో నాకూ పెద్ద సుఖమేం లేదు. వడ్లు పంచు, పోతాను."

"ఏం వడ్లు?"

నూకాలు అతన్ని తోసుకుని లోపలికి వెళ్ళి చూసింది. అరలన్నీ ఊడ్చినట్టున్నాయి.

జరిగిందేమిటంటే, ఆ గట్టు మీద ఒక గుంటనక్క ఉండేది. 'పాయింటేమిటంటే' అనకుండా అది నోరు విప్పేది కాదు, అందుకని అందరూ దాన్ని పాయింటు నక్క అనేవారు. నూకాలు పుట్టింట్లో ఉండగా కంకయ్య దాని దగ్గరికి వెళ్ళాడు.

"పాయింటేమిటంటే కంకయ్యగారూ," అంది నక్క, "ఉన్నవాడినే కదా పంచాయితీ ఇమ్మంటుంది. లేనివాడిని ఏం చేస్తుంది? మీ తమ్ముడు దాలయ్య బొరియ పక్కగట్టులోనే ఉంది. ఆవిడ పురిటి మంచం దిగేలోపు సరుకంతా అక్కడికి చేర్చి, మూతికి మట్టి మెత్తించండి. గొడవ చల్లారాక నెమ్మదిగా తెచ్చుకోవచ్చు."

ఈ సలహా చెప్పినందుకు కంకయ్య పట్టి తెచ్చిన పీతలన్నీ నక్క అక్కడే నమిలేసి, మిగిలినవి గొడవ తీరాక తెమ్మంది.

ఇక్కడ నాకు ఒళ్ళు మండుతుంది. విడిపోవడంలో తప్పు లేదు. పడనప్పుడు ఒకే బొరియలో ఉండి రోజూ కరుచుకోవడం కంటే అదే నయం. కానీ ఇంకా కళ్ళు తెరవని పిల్లల తిండిని రాత్రికి రాత్రి గట్టు మార్చేవాడిని ఏమనాలి? మనలో తేరగా మేసేవాడిని పందికొక్కని తిడతాం. పందికొక్కులు తమలో ఇలాంటివాడిని ఏమని తిట్టుకుంటాయో నాకు తెలీదు. బహుశా మన పేరే వాడుకుంటాయి.

పంచాయితీ కళ్ళంలో కూర్చుంది. దానికి పెద్ద ఒక ముసలెద్దు. ట్రాక్టరొచ్చి దాని మెడ మీది కాడి దించాక, గట్టు మీది తగువులన్నీ అదే తీరుస్తోంది. నెమరు వేస్తూ వినడం, విన్నది మళ్ళీ నెమరు వేసుకోవడం దాని పద్ధతి.

"చెప్పమ్మా నూకాలూ."

"బాబయ్యా, పిల్లలకి ఇంకా కళ్ళు రాలేదు. నేను తింటేనే వాళ్ళకి పాలు. చేలో గింజ లేదు. దూరం పోదామంటే వీళ్ళని గద్దకి వదిలేసి పోవాలి. ఆ వడ్లలో సగం నా కష్టం, అవి ఇప్పించండి. పిల్లలు సొంతంగా కొరుక్కు తినేదాకా వాళ్ళ తిండి వాళ్ళ నాన్న పెట్టాలి. ఇంతకంటే నేనేం అడగను."

నక్క లేచింది. "పాయింటేమిటంటే అయ్యగారూ, మా కంకయ్యగారి దగ్గర ఏముందని ఇస్తారు? మనోవర్తి అంటే మనసుంటే ఇచ్చేది. ఇన్నాళ్ళూ ఈవిడ ఇంట్లో కూర్చుని తిన్నదానికి మేం లెక్క అడిగామా?"

"మనోవర్తి మనసున్నవాడు ఇచ్చేది కాదు నక్కా, మనసు లేనివాడి చేత ఇప్పించేది," అంది ఎద్దు. "ఇక కూర్చుని తినడమంటావా, ఆవిడ మూతి చూడు. కంకులు ఈడ్చి ఈడ్చి తోలు లేచిపోయింది."

కంకయ్య ఒళ్ళంతా బూడిద పూసుకుని, పొట్ట లోపలికి పీల్చుకుని ముందుకొచ్చాడు. "పస్తులు బాబయ్యా. రోజూ పస్తులే."

"పస్తులుంటే ఇంత ఒళ్ళొస్తుందని తెలిస్తే నేనూ ఉండేదాన్ని," అంది పక్కనున్న కోడి.

"మీ తమ్ముడి బొరియ నిండా వడ్లున్నాయని చాటుగా అనుకుంటున్నారు," అంది ఎద్దు.

"అది వాడి కష్టార్జితం. నాకేం సంబంధం? నా పిల్లల మీద ఒట్టు, అందులో ఒక్క గింజ కూడా నాది కాదు."

నూకాలు వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. "ఎవరి మీద ఒట్టేస్తున్నావు? ఇంతవరకూ వాళ్ళ మొహం చూశావా నువ్వు? ఎందరున్నారో చెప్పు చూద్దాం."

కంకయ్య ఒంటి మీది బూడిద సర్దుకున్నాడు. చెప్పాలంటే తెలియాలి కదా.

దాలయ్యని పిలిచారు. పుట్టిన దగ్గర్నుంచీ ఒక్క కంకి కొరికిన పాపాన పోలేదు వాడు. నేర్పించిన మాట నేల చూస్తూ అప్పజెప్పాడు. "నాదేనండి. నేనే సంపాదించానండి." గట్టు మీద నలుగురైదుగురు వడ్లు తరలించడం చూశారు. చూశామని మాత్రం ఒక్కరూ అనలేదు. నక్కతో పెట్టుకోవడం ఎందుకని ఎవరికి వాళ్ళు తలకాయ తిప్పుకున్నారు. ఇలాంటి పెద్దమనుషులే మరి ప్రతి గట్టు మీదా ఉండేది.

నక్కకి హుషారొచ్చింది. "జాలిపడి నెలకో గుప్పెడు నూకలిస్తాం. నూకాలమ్మకి నూకలు, పేరుకి తగ్గట్టే ఉంటుంది."

కొందరు నవ్వారు కూడా.

నూకాలు ఆ నవ్వు వినలేదు. ఆవిడ మరిది వైపు చూస్తోంది. అన్న ఒట్టేసినప్పటి నుంచీ దాలయ్య మీసాలు నాక్కుంటున్నాడు. ఆ మరిదిని నూకాలు ఎరగనిది కాదు.

"బాబయ్యా," అంది. "నేను ఒప్పుకుంటున్నాను. కంకయ్య దగ్గర ఏమీ లేదు. ఆ వడ్లన్నీ మా మరిదివే."

"అదీ మాట," అంది నక్క.

"అయితే తీర్పు గట్టిగా చెప్పండి. రేపెవరో వచ్చి మా మరిదిని ఇబ్బంది పెట్టకూడదు. ఆ వడ్ల మీద దాలయ్యకి తప్ప ఎవరికీ హక్కు లేదని చెప్పండి. వాళ్ళన్నయ్య ఆ గుమ్మం తొక్కినా దొంగతనమేనని చెప్పండి. కాపలాకి కళ్ళం కుక్కని కూడా పెట్టండి."

ఎద్దు నెమరు ఆపింది. నూకాలు వైపు ఒకసారి చూసి, దాలయ్య వైపు తిరిగింది. "నీకు సమ్మతమేనా?"

అంతవరకూ గొణిగిన దాలయ్యకి గొంతు పెగిలింది. "సమ్మతమేనండి. ఇలాంటి వదిన దొరకడం నా అదృష్టమండి. కుక్కగారిని ఇవాళే పంపించండి."

కంకయ్య పొట్ట పీల్చుకోవడం మరిచిపోయాడు. "ఒరేయ్, ఏం మాట్లాడుతున్నావురా?"

"నువ్వన్నదే అన్నయ్యా. పిల్లల మీద ఒట్టేసి మరీ చెప్పావు. పెద్దవాడివి, నీ మాట నేను కాదంటానా?"

కంకయ్య నక్క వైపు చూశాడు. "పాయింటేమిటంటే..." అని నక్క అక్కడితో ఆగి, తోకలో పల్లేరుకాయలు ఏరుకోవడం మొదలుపెట్టింది.

"తీర్పు చెప్పేస్తున్నాను," అంది ఎద్దు. "చెప్పాక ఎవరూ నోరెత్తడానికి లేదు. ఆ వడ్లలో నీది ఒక్క గింజా లేదు. అంతేనా కంకయ్యా?"

కంకయ్య తమ్ముడి వైపు చూశాడు. దాలయ్య అప్పుడే ఇంటిదారి పట్టబోతున్నాడు. అది చూసేసరికి కంకయ్యకి ఉండబట్టలేదు.

"అవి నావిరా దొంగా. నేను కొరికాను, నూకాలు మోసింది. వానలో మోసింది, బురదలో మోసింది, నిండు కడుపుతో కూడా మోసింది. అప్పుడు నువ్వెక్కడున్నావురా? పడి నిద్రపోతున్నావు."

కళ్ళంలో తలలన్నీ అతని వైపు తిరిగాయి. తానేమన్నాడో కంకయ్యకి అందరికంటే ఆలస్యంగా అర్థమైంది.

"నూకాలూ," అంది ఎద్దు, "నీకు సాక్షి దొరికాడమ్మా."

సగం వడ్లు నూకాలుకి వచ్చాయి. పిల్లలు సొంతంగా కొరుక్కు తినేదాకా వాళ్ళ తిండి కంకయ్య తన సగంలోంచి పెట్టాలని, అదీ తన నోటితో తానే ఈడ్చుకుంటూ, పట్టపగలు అందరూ చూస్తుండగా తెచ్చివ్వాలని ఎద్దు తీర్పు చెప్పింది. ఒక్కపూట ఎగ్గొట్టినా కుక్క వెళ్ళి అడుగుతుందంది. దాలయ్య తిట్లు తింటూ ఇంటికి పోయాడు. నక్క మిగిలిన పీతలు అడిగితే కంకయ్య కరవబోయాడు.

మర్నాడు కంకయ్య కంకులు ఈడ్చుకుంటూ గట్టెక్కి, ఆయాసపడుతూ నూకాలు గుమ్మం ముందు ఆగాడు. కాసేపు కూర్చోమంటుందేమోనని చూశాడు.

"అక్కడ పెట్టి వెళ్ళు," అంది నూకాలు లోపల్నుంచి. "పిల్లలు పడుకున్నారు."

పెళ్ళాం మీద కోపంతో పిల్లల గింజలు దాచేవాడు, దాచిన చోటే దొంగవుతాడు.