బురుజు లేని ఊరు

దస్తగిరికి ఒక ఊరు అడ్డం పడింది.

కొండమీది దర్గాలో ఏటా ఉరుసు జరుగుతుంది. ఏటి ఒడ్డు నుంచి కొండ దాకా ఆరు రోజుల నడక, దారిలో పదకొండు ఊళ్లు. కొత్తగా నడిచేవాళ్లు దారి తప్పుతున్నారనీ, ఏ ఊళ్లో ఏముందో తెలియక తలొంచుకుని పోతున్నారనీ, దర్గా వాళ్లు ఒక చిన్న పుస్తకం అచ్చు వేయించాలనుకున్నారు. రాసే పని దస్తగిరి మీద పడింది. అతను కరీముల్లా షా శిష్యుడు. కరీముల్లా షా ఆ దర్గాలో పెద్ద ఫకీరు. డెబ్బై దాటిన మనిషి. మాటలు తక్కువ, నవ్వు ఎక్కువ.

దస్తగిరి పనిమంతుడు. ఎనిమిది నెలలు ఎండనకా వాననకా తిరిగాడు. పది ఊళ్లు చక్కగా కుదిరాయి. ఒక ఊళ్లో కోట ఉంది. మెట్లు నూటపదకొండు, అందులో మూడు విరిగినవి. ఇంకో ఊళ్లో రాతి ఏనుగు ఉంది. దాని తొండం ఎవరు విరగ్గొట్టారన్నదానికి ఊళ్లో రెండు కథలున్నాయి. ఎందుకొచ్చిన గొడవని రెండూ రాశాడు. మరో ఊళ్లో నవాబు కట్టించిన గుర్రపుసాల ఉంది. ఇప్పుడు సంతనాడు అందులో మిరపకాయలు అమ్ముతారు. ఏ గోడ ఎంత ఎత్తో తాడుతో కొలిచి మరీ రాశాడు.

పదకొండోది ఎర్రబురుజు. దాని గురించి మాత్రం మూడు ముక్కలు రాసి ఊరుకున్నాడు.

"ఈ ఊళ్లో చూడదగ్గది లేదు. పేరులో తప్ప బురుజు కూడా లేదు. కొత్త రోడ్డున పోవడం మేలు."

ఆ మూడో ముక్కే ఊరి ప్రాణం మీదికి తెచ్చేది. ఎర్రబురుజుకు ఇవతల దారి రెండుగా చీలుతుంది. పాతది ఊళ్లోంచి పోతుంది. కొత్తది కంకర రోడ్డు, ఊరిని పక్కన వదిలేసి నేరుగా పోతుంది, ఒక కోసు కలిసొస్తుంది. ఇప్పటికే సగం మంది అటే పోతున్నారు. పుస్తకంలో కూడా అలాగే ఉంటే మిగిలిన సగం మందీ అటే తిరుగుతారు. ఆ పైన ఆ ఊరి మొహం చూసేవాడుండడు.

ప్రెస్సాయన ఎల్లుండి వస్తానన్నాడు. ఆలోపు పుస్తకం మీద కరీముల్లా షా సీలు పడాలి. దస్తగిరి కాగితాలన్నీ ఆయన ముందు పెట్టి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

ఆయన ఓపిగ్గా అన్నీ చదివాడు. రాతి ఏనుగు దగ్గర నవ్వాడు. చివరి కాగితం దగ్గర ఆగిపోయాడు.

"ఈ ఊళ్లో ఎంతసేపుండావు?"

"ఒక పూట, బాబా. ఈ కొస నుంచి ఆ కొసకు రెండుసార్లు నడిచినా."

"ఎవురినన్నా అడిగినావా?"

"అడిగినా. మీ ఊళ్లో చూసేదానికి ఏముండాది అంటే, ఏముందప్పా మా ఊళ్లో, ఏమీ ల్యాదు అన్యారు."

"ఏం తిన్నావు ఆడ?"

దస్తగిరి ముఖం వెలిగిపోయింది. ఈ ప్రశ్న కోసమే ఎనిమిది నెలలుగా కాచుకున్నాడు పాపం.

"నా రొట్టెలు నావే, నా నీళ్లు నావే, బాబా. పదకొండూళ్లలో ఒక్క గడప ముందర గూడా చెయ్యి చాచలేదు."

నిజమే. అతని జోలెలో ఏనుగొక్కటే తక్కువ. తోలు తిత్తి నిండా నీళ్లు, ఎండు రొట్టెలు, ఉల్లిగడ్డలు, సూదీ దారం, చెప్పులకు కొట్టుకునే మేకులు, జ్వరానికి మాత్రలు, కొలతతాడు. ఎవరితోనూ పనిపడని మనిషే అసలైన ఫకీరని అతని నమ్మకం.

ఆ నమ్మకం కితాబుల్లోంచి వచ్చింది కాదు. దస్తగిరికి ఏడేళ్లప్పుడు తల్లీ తండ్రీ పోతే మేనమామ ఇంట్లో పడ్డాడు. ఒకరోజు సంగటి ఇంకో ముద్ద అడిగాడు. "నీ అబ్బ సొమ్మేమన్నా పెట్టిపోయినాడా ఈడ?" అంటూ అత్త కంచం లాగేసింది. ఆనాటి నుంచి అతను ఎవరినీ ఏమీ అడగలేదు. ముప్పై ఏళ్లు వచ్చినా ఆ కంచం లాగిన చప్పుడు చెవిలో అలాగే ఉంది. అలాంటివాడిని తప్పు పట్టడానికి మనకు నోరెలా వస్తుంది?

కరీముల్లా షా సీలు మళ్లీ సంచిలో వేసుకున్నాడు.

"రేపు పొద్దున్నే పోదాం. ఆ ఊరు నాకూ తెలీదు."

*

పైటాలకు దారి చీలే చోటికి చేరారు. వైశాఖం ఎండ నెత్తి మీద నిప్పులు చెరుగుతోంది. ఊరు ఇంకా రెండు మైళ్లుంది. చుట్టూ మెట్ట, నీడ అన్నది లేదు.

"ఆ తిత్తి ఇట్లా ఇయ్యి," అన్నాడు కరీముల్లా షా.

ముసలాయనకు దప్పికైందనుకుని దస్తగిరి ఇచ్చాడు. ఆయన మూతి ముడి విప్పి, పక్కనున్న తంగేడు మొక్క మొదట్లో నీళ్లన్నీ పోసేశాడు. చివరి చుక్క దాకా దులిపి, ఖాళీ తిత్తి శిష్యుడి చేతికిచ్చాడు.

భూమి ఆ నీళ్లను ఒక్క గుక్కలో తాగేసింది.

"బాబా, మీకు డెబ్బై ఏళ్లు!"

"డెబ్బై రెండు," అని ఆయన ఊరి వైపు నడిచాడు.

ఊరు చేరేసరికి దస్తగిరి నాలుక అంగిటికి అతుక్కుపోయింది. బజారంతా నిర్మానుష్యంగా ఉంది. ఎండకు జడిసి అందరూ తలుపులు దగ్గరికేసుకున్నారు. ఒక్క ఇంటి తలుపు మాత్రం బార్లా తెరిచి ఉంది. గడపలో ఒకామె కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. యాభై ఏళ్లుంటాయి. ఆమెను దస్తగిరి గుర్తుపట్టాడు. పది రోజుల కిందట వచ్చినప్పుడు ఇదే గడపలోంచి "అయ్యా, నీళ్లు తాగి పో" అని కేకేసింది. తను ఆగకుండానే తిత్తి పైకెత్తి చూపించి, "నాకేం వద్దమ్మా" అని పోయాడు.

ఆమె తలెత్తి ఇద్దరినీ చూసింది. ఈసారి పిలవలేదు. మళ్లీ తల వంచుకుని గింజలు తీసుకుంటూ కూర్చుంది.

కరీముల్లా షా ఎదురింటి అరుగు మీద కూర్చుని తలగుడ్డతో ముఖం తుడుచుకున్నాడు. పెదవులు ఎండి తెల్లబడ్డాయి. ఆయన దస్తగిరి వైపు చూడలేదు. ఆ తెరిచిన తలుపు వైపు కూడా చూడలేదు. ఏదో బండి కోసం కూర్చున్నట్టు దారి వైపు చూస్తున్నాడు.

దస్తగిరి వీధి మధ్యలో నిలబడిపోయాడు. ఆ గడపకూ తనకూ నాలుగడుగులు. నూటపదకొండు మెట్లు రెండుసార్లు ఎక్కి దిగిన మనిషికి ఆ నాలుగడుగులు పడలేదు. తన మటుకైతే సొమ్మసిల్లి పడిపోయినా అడిగేవాడు కాదు. కానీ ముసలాయన గొంతులో గుటక పడలేదు, అది కళ్లారా చూశాడు.

వెళ్లి గడప ముందు నిలబడ్డాడు. రెండుసార్లు నోరు తెరిచి మూశాడు.

"అమ్మా... దప్పి అయితాంది."

ఆమె చేతిలోని చింతపండు చేటలో పడింది. "ఏమన్యావు నాయనా?"

"నీళ్లు కావాల. నాకూ, మా బాబాకూ."

ఆమె లేచిన విసురుకు చేట బోర్లాపడింది. లోపలికి పరుగెత్తి, కడవలోంచి చెంబు ముంచుకొచ్చింది. చల్లటి నీళ్లు. వట్టివేరు వాసన. దస్తగిరి ముందు ముసలాయనకు తాగించి, రెండో చెంబు తాను ఎత్తాడు. ఆ నీళ్లు గొంతు దిగుతుంటే ఎందుకో కళ్లలోకీ నీళ్లొచ్చాయి. దాచుకోవడానికి చెంబును ముఖం మీద ఇంకాసేపు ఉంచుకున్నాడు. ఆమె మాత్రం అతను తాగుతున్నంతసేపూ గుక్క గుక్కకూ చూస్తూనే ఉంది.

చెంబు దించగానే ఆమె తలుపు పక్క గూట్లోంచి కొబ్బరికాయంత ఎర్రటి రాయిని రెండు చేతులా తీసి, పక్కింటి తలుపు కొట్టింది. ఆ ఇంటావిడ నిద్రకళ్లతో వచ్చి, రాయిని చూడగానే గబగబా కొంగు పట్టి అందుకుంది. వెంటనే తన తలుపు బార్లా తెరిచి, గడపలో పీట వేసుకుని కూర్చుంది.

"అదేంది తల్లీ?" అని కరీముల్లా షా అడిగాడు.

నీళ్లిచ్చినామె పేరు సుంకులమ్మ. ఇంట్లోకి పోతూ వస్తూ, చేతికందింది మూటలో సర్దుకుంటూ చెప్పింది.

"ఈ మెట్టన ఆమడ దూరం చుక్క నీళ్లుండవు సామీ. పూర్వం ఈడ ఎర్రరాళ్ల బురుజుండేదంట. పైన ఒక మనిషి కూచ్చోని దారి చూస్తాండేవాడంట. దూరంగా దుమ్ము లేస్తే తప్పెట కొట్టేటోడు. ఆ పొద్దు వంతు యా ఇంటిదైతే ఆ ఇంటోళ్లు కడవెత్తుకోని ఎదురుపోయేటోళ్లు. ఒక పెద్దవానకు బురుజు కూలింది. మళ్లా కట్టే శక్తి ల్యాక ఇంటికొక రాయి పంచుకోని గడప కింద ఏసుకున్యారు. బురుజు ల్యాకపోయినా కావిలి ఉండల్ల గదా. కొసన మిగిలిందే ఆ రాయి. అది ఇల్లిల్లూ తిరుగుతాది. అదున్న ఇంటికి తాళం ఎయ్యకూడదు. ఎవురో ఒగరు గడపలో కనిపెట్టుకోని ఉండల్ల. దారిన పోయే మనిషి నీళ్లు తాగితేనే అది పక్కింటికి పోతాది. మా అత్త కాలంలో దినానికి మూడిండ్లు తిరిగేదంట. ఇప్పుడు ఉరుసప్పుడు తప్ప ఈ దారిన ఎవురూ రారు. నాకాడ ఉగాది నుంచీ ఉండాది."

"ఇప్పుడు యాడికి పోతాండావు?"

"బిడ్డకాడికి." ఆమె చేతులు ఆగాయి. "దానికి ఆడబిడ్డ పుట్టి పద్దెనిమిది నాళ్లాయ. ఇంకా మొగం చూల్యా. నేనొంటిదాన్ని, నేను పోతే గడపలో ఎవురుంటారు? పక్కింటోళ్లు మేం పెట్టుకుంటాం పో అన్యారు. ఎట్ల పోతాను? తాగినోళ్లు ల్యాకుండా రాయి ఇల్లు కదిలితే, ఇంగ అది వట్టి రాయే. పదినాళ్ల కింద ఒగాయన వచ్చినాడు. ఆయన తాగుతాడని బండి గూడా మాట్లాడి పెట్టుకున్యా."

దస్తగిరి చెంబు కింద పెట్టాడు.

"నేను అడిగితినే అమ్మా, మీ ఊళ్లో చూసేదానికి ఏముండాదని. ఎవురూ ఈ మాట చెప్పలేదే?"

అనేశాక గాని, ఏం ఒప్పుకున్నాడో అతనికి తెలియలేదు. సుంకులమ్మ మూట ముడి బిగించి అతని వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. అదే అతనికి మరీ కష్టంగా తోచింది.

"తెలుసులే నాయనా, నువ్వే అని. చూసేదానికి ఏమీ ల్యాదు, నిజమే చెప్పినారు. ఇది మేము చేసుకునేది. ఇంగొక చెంబు తాగుతావా?"

"ఇయ్యమ్మా," అన్నాడు దస్తగిరి.

అతను దాన్ని కూడా ఆఖరి చుక్క దాకా తాగాడు. ఆమె తలుపుకు తాళం వేసి, కప్పను రెండుసార్లు లాగి చూసుకుని, మూట చంకన పెట్టుకుని బండ్లు నిలిచే చోటికి గబగబా నడిచింది. వీధి మలుపులో ఒకసారి వెనక్కి తిరిగి చెయ్యి ఊపింది.

దస్తగిరి ఊరంతా ఇంకోసారి తిరిగాడు. ఈసారి తల దించుకుని నడిచాడు. ప్రతి గడప కిందా ఒక ఎర్రరాయి ఉంది. కాళ్లు తగిలి తగిలి నున్నబడింది. కొన్నింటి మీద పాత ఉలిదెబ్బలు కనిపిస్తున్నాయి. మసీదు పక్కింటికీ ఉంది, కుమ్మరాయన ఇంటికీ ఉంది. మొన్న రెండుసార్లు నడిచింది ఈ వీధుల్లోనే.

తిరిగి వచ్చేసరికి కరీముల్లా షా అరుగు మీద కునుకు తీస్తున్నాడు. దస్తగిరి ఆయన పక్కన కూర్చుని, జోలెలోంచి చివరి కాగితం తీసి, రాసిన మూడు ముక్కలూ కొట్టేశాడు. చాలాసేపు ఆలోచించి, కింద మళ్లీ రాశాడు. కొలతతాడు జోలెలోనే ఉండిపోయింది.

ముసలాయన కళ్లు తెరిచి, సంచిలోంచి సీలు తీశాడు.

"బురుజు ఎంత ఎత్తో రాసినావా?"

"రాసినా, బాబా."

కరీముల్లా షా కాగితాన్ని వెలుతురుకు పట్టి చదివాడు.

"ఎర్రబురుజు. బురుజు ఒక గడపంత ఎత్తు, ఊరంతా ఉంది. పాత దారినే రండి. నీళ్లు మోసుకుని రావొద్దు."