లోకాన్ని తాటిచెట్టుకు కట్టేసిన నెహెమ్యా

బేతనియపేటలో తెలివంటే నెహెమ్యా ఇంటివాళ్ళదే. ఈ మాట నెహెమ్యా అన్నాడు, తమ్ముళ్ళు ఓబద్యా, హబక్కూకు అవునన్నారు, భార్య దీవెనమ్మ కాదనలేదు. ఇంటికి నలుగురే. నలుగురూ ఒప్పుకున్నాక ఇక ఊరితో పనేముంది? వాళ్ళ పెంకుటిల్లు ఓ మూల కారుతుంటే ఏళ్ళ తరబడి బాగుచేయించలేదు. "బయట వాన పడుతోందని లోపలున్నవాళ్ళకి తెలియొద్దూ?" అనేవాడు నెహెమ్యా. అంత ముందుచూపు.

ఓ సోమవారం పొద్దున పేటలోకి మైకు కట్టిన ఆటో వచ్చింది. "ఈ శుక్రవారమే లోకాంతం! సిద్ధపడండి!" అని ఎవరో ఊరుకాని ఊరి బోధకుడు అరుచుకుంటూ పోయాడు. పేటంతా గగ్గోలెత్తి మందిరానికి పరిగెత్తింది. అక్కడి పాస్టరు రూబేను అయ్యగారు నెమ్మదస్తుడు.

"ఆ రోజు దేవదూతలకే తెలియదని వాక్యం చెబుతుంటే ఆటోలో వచ్చినాయనకి తెలిసిందా? మెలకువగా ఉండండి, మీ పనులు మీరు చేసుకోండి, అంతే" అని ఆ అధ్యాయం తీసి చదివి వినిపించారు. అందరూ హమ్మయ్య అనుకున్నారు. నెహెమ్యాకి మాత్రం గుండె జారిపోయింది. ఆ రోజున పొలంలో ఇద్దరుంటే ఒకరిని పరలోకానికి తీసుకుపోతారట, ఒకరిని విడిచిపెడతారట!

పొలంలో ఎప్పుడూ ఉండేది తనూ దీవెనమ్మానే. ఆమెను తీసుకుపోయి తనను వదిలేస్తే? తనను తీసుకుపోయి ఆమెను వదిలేస్తే? పెళ్ళయిన దగ్గర్నుంచీ దీవెనమ్మ తిట్టకుండా తెల్లవారిన రోజు లేదు. ఆ తిట్లు వినపడకపోతే పరలోకమైనా సరే, నెహెమ్యాకి తోచదు. ఇంటికొచ్చి నిజంగానే కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

"ఏడుస్తావేంటయ్యా? ఇద్దరుంటేనేగా గొడవ, ముగ్గురం వెళ్దాం" అంది దీవెనమ్మ.

"ముగ్గురిలో ఒకరు పోతే ఇద్దరేగా వదినా మిగిలేది? మళ్ళీ ఆ ఇద్దర్లో ఒకరు!" అన్నాడు ఓబద్యా. వాడు లెక్కల్లో దిట్ట.

"పోనీ నలుగురం?"

"నలుగురైతే ముగ్గురు, ముగ్గురైతే ఇద్దరు."

అంతే, పొలం మానేశారు. కోతకొచ్చిన పెసరచేను పిట్టలపాలైంది.

"అన్నా, మంచం మీద ఇద్దరున్నా అంతేనంట" అని గుర్తు చేశాడు హబక్కూకు. నెహెమ్యా గడ్డం గోక్కున్నాడు. నలుగురూ ఒకళ్ళ మీద ఒకళ్ళు పడుకుంటే ఏ కాలు ఎవరిదో తెలియదు, ఇక విడదీసేదెలా? మధ్యాహ్నం కునుకుకి నలుగురూ ఒకే నులకమంచం ఎక్కారు. ఇంకేముంది, మంచం కోళ్ళు తలో దిక్కుకీ పోయాయి. కిందపడ్డ నెహెమ్యా నడుం రుద్దుకుంటూ, "మంచాన్ని తీసుకుపోయినా మనం నలుగురం కలిసే ఉన్నాం, ఎంత అదృష్టం!" అన్నాడు.

దీవెనమ్మకి ఇంకో మాట గుర్తొచ్చింది. ఆ రోజున మిద్దె మీద ఉన్నవాడు సామాను కోసం కిందికి దిగకూడదట.

"సామానంతా ముందే పైకెక్కిస్తే దిగే పనే ఉండదుగా!" అన్నాడు నెహెమ్యా.

"మనది మిద్దె కాదుగా అన్నా?"

"మిద్దెదీ కప్పే, పెంకుటింటిదీ కప్పే. ఎక్కించండ్రా!"

ట్రంకుపెట్టె ఎక్కింది, ఆవకాయ జాడీ ఎక్కింది, వాళ్ళూ ఎక్కారు, ఆఖరికి రుబ్బురోలు కూడా ఎక్కింది. ఎక్కిన రోలు ఊరుకుంటుందా? పెంకులు పటపటలాడాయి, కప్పులోంచి దూసుకుపోయి వంటింట్లో పడింది. నలుగురూ కన్నంలోంచి తొంగిచూశారు.

"చూశారా, వద్దన్నా దిగింది. ఆ పాపం దానిదే" అన్నాడు నెహెమ్యా. అత్తగారిచ్చిన రోలని దీవెనమ్మ వలవలా ఏడ్చింది గానీ దిగలేదు.

గురువారం మిట్టమధ్యాహ్నం ఎవడో గోనెసంచి భుజానేసుకుని దొడ్డిగోడ దూకాడు. కోళ్ళదొంగ. పైనుంచి హబక్కూకు చూశాడు.

"అన్నా! ప్రభువు దొంగలాగా వస్తాడని అయ్యగారు చదివారే, వచ్చేశాడు!"

"పంచె అంత మాసిపోయిందేంట్రా?" అన్నాడు ఓబద్యా.

"అంత దూరం నుంచి రావాలిగా!"

అంతే, నలుగురూ దబదబా దూకి వాడి కాళ్ళమీద పడ్డారు. "బాబ్బాబు, ఒక్కర్నే తీసుకుపోకు నాయనా, నలుగుర్నీ తీసుకుపో! ఎలాగోలా సర్దుకుంటాం!" అంటూ నెహెమ్యా అప్పుడే ఓ కాలు గోనెసంచిలో పెట్టేశాడు. పుట్టి బుద్ధెరిగాక అలాంటి ఇల్లు చూడని దొంగ సంచీ, చెప్పులూ వదిలేసి పరుగో పరుగు. నెహెమ్యా బెంగ రెట్టింపైంది. వచ్చినాయన ఉత్తచేతులతో పోయాడు, రేపు కోపంగా వస్తే ఎవర్ని లాక్కుపోతాడో!

శుక్రవారం తెల్లవారగానే బావి చేదతాడు విప్పుకొచ్చి నలుగురి నడుములకీ వరసగా కట్టాడు. "ఇక ఒకర్ని లాగితే నలుగురం లేస్తాం."

"చివర్న ఉన్నది నేను. ముడి జారితే నా గతేంటి?" అన్నాడు ఓబద్యా. "తాడు కొస దేనికన్నా గట్టిగా కట్టన్నా."

దొడ్లో తాటిచెట్టు కంటే గట్టిదేముంది? దానికి కట్టారు. పైకి పోవాలని తాడు కట్టుకున్నవాళ్ళు పోయి చెట్టుకి కట్టేసుకున్నారు. ఈ తెలివికి ఏ పేరు పెట్టుకుంటారో మీ ఇష్టం.

పొద్దు వాలింది. లోకం ఉన్నచోటే ఉంది. సైకిలు మీద అటుగా వచ్చిన అయ్యగారు చూసి నోరు తెరిచారు.

"ఏంటయ్యా ఇది? శుక్రవారం అయిపోవచ్చింది, లోకం ఎటూ పోలేదు. విప్పుకోండి."

"ఎలా పోతుందయ్యగారూ, చెట్టుకి కట్టేశాంగా!" అన్నాడు నెహెమ్యా. "ఇప్పుడు విప్పితే పోదూ? పేటలో పిల్లాజెల్లా ఉన్నారు."

అయ్యగారు చెప్పారు, బతిమాలారు, కసిరారు. ఊహూఁ. పొద్దుట్నుంచీ పచ్చి మంచినీళ్ళు లేక దీవెనమ్మ తోటకూర కాడలా వాలిపోయింది. ఆయనకి జాలేసింది.

"సరే, మీ బదులు నేను ఇక్కడుంటా. పోయి నాలుగు మెతుకులు తినండి."

అయ్యగారి మాటంటే మాటే. నలుగురి బదులు అన్నాక ఒక చుట్టు సరిపోతుందా? నాలుగు నడుముల తాడూ ఆయన ఒక్క నడుముకే చుట్టి, చెట్టుకి బిగించి, ముడి మీద ముడి వేసి ఇంట్లోకి పోయారు.

కంచాల ముందు కూర్చున్నారో లేదో, దొడ్లోంచి కేక. "ఓరి నాయనో! నన్నొక్కణ్ణీ విడిచిపెట్టి మీరంతా పోయారేంట్రా!"

నెహెమ్యా చేతిలో ముద్ద చేతిలోనే ఆగిపోయింది. తమ్ముళ్ళని చూశాడు. దీవెనమ్మ చెయ్యి పట్టుకుని చూశాడు. నలుగురూ ఉన్నారు. విడవబడ్డవాడు అక్కడెక్కడో అరుస్తున్నాడు.

"ఒసే, అయిపోయిందే! మనల్ని తీసుకొచ్చేశారే, నలుగుర్నీ!" అని సంతోషం పట్టలేక బావురుమన్నాడు. "పాపం, అంత ప్రార్థన చేసే మనిషి, అయ్యగారే ఉండిపోయారు!"

దొడ్లో కేకలు ఎక్కువయ్యాయి. "అంత కింద నుంచి కూడా ఎంత బాగా వినపడుతోందో" అని తమ్ముళ్ళు జాలిపడి, ఆయన కోసం మోకాళ్ళూని ప్రార్థన మొదలుపెట్టారు. దీవెనమ్మ అన్నంలో మజ్జిగ పోసుకుని ఓ ముద్ద నోట్లో పెట్టుకుని మొహం చిట్లించింది.

"ఏమయ్యా, పరలోకంలో కూడా మజ్జిగ పుల్లగానే ఉందేంటి?"