రాజులమిట్ట మీదికి నీళ్ళు

పెంచలయ్యకు ఆ వారమంతా కాలు ఒకచోట నిలవలేదు. పన్నెండు వందల ఏళ్ళనాటి శాసనంలో పేరు తప్ప జాడ లేని నిడుదపాడు అనే ఊరు ఎక్కడుండేదో తాను కనిపెట్టేశానని అతని నమ్మకం. ఎక్కడో కాదు, తన సొంతూరిని ఆనుకొని ఉన్న రాజులమిట్ట మీదే. పడమట కొండ, తూర్పున పెద్ద దారి అని రాతి మీద చెక్కి ఉంది. పటం పరిచి చూస్తే రెండూ సరిపోయాయి. ఇంకేం కావాలి?

ఊరు ఊరంతా మురిసిపోయింది. మనది రాజులనాటి ఊరంట అని ముసలీ ముతకా రచ్చబండ దగ్గర ఒకటే చెప్పుకోవడం. ఆదివారం సభ పెట్టి, మిట్ట మొదట్లో ఆ పేరు చెక్కించిన బండ నిలబెడదామని పెద్దలు తీర్మానం కూడా చేసేశారు. ఇక పెంచలయ్యకు మిగిలింది ఒకటే. తనకు శాసనాలు చదవడం నేర్పిన ఓబులేసు అయ్యవారు ఔననాలి. కాదన్నారంటే మాత్రం ఊళ్ళో తలెత్తుకు తిరగలేడు.

అయ్యవారు శనివారం పొద్దున్నే బస్సు దిగారు. డెబ్బై దాటిన బక్కపలచని మనిషి. తువ్వాలు భుజాన వేసుకొని నడక మొదలుపెడితే పడుచువాళ్ళు కూడా వెనకబడాల్సిందే. శాసనంలో చెప్పిన పొలిమేర కాలినడకన చూడనిదే దాని గురించి నోరు విప్పరు, అదీ ఆయన పద్ధతి. పెంచలయ్య కూడా ఏళ్ళ తరబడి ఆయన వెంట ఎండనకా వాననకా తిరిగినవాడే. ఈసారి మాత్రం, పటం కుదిరింది కదా అని, మోటారుసైకిలు మీద పోయి నాలుగు ఫోటోలు తీసుకొని వచ్చేశాడు.

అయ్యవారు కాఫీ తాగి, అతను రాసిన కాగితాలన్నీ ఓపిగ్గా చదివారు.

"బాగా రాసినావప్పా" అన్నారు.

పెంచలయ్య ప్రాణం లేచి వచ్చింది. అంతలోనే ఆయన వంటింటి వైపు తిరిగి, "అమ్మా, ఒక ఖాళీ బిందె ఇస్తావా? సాయంత్రానికి తెచ్చిస్తాం" అన్నారు.

లోపలి నుంచి పెంచలయ్య తల్లి ఇత్తడి బిందె తెచ్చి ఇచ్చింది.

"బిందె ఎందుకు అయ్యవారూ?"

"నువ్వు కనిపెట్టిన ఊరికి పోతాండాం గదా. ఉండనీ."

మిట్ట ఎక్కారు. పైన పెంచలయ్యకు పూనకమే వచ్చింది. అదిగో కొండ, ఇదిగో దారి. ఇక్కడ గుడి ఉండుంటుంది, ఇక్కడ వీధి, ఈ పడిపోయిన గోడ పక్కన ఊరి పెద్ద ఇల్లు. అయ్యవారు ప్రతిదానికీ తలూపుతూ విన్నారు.

"ఎన్ని గడపలుండింటాయి?"

"నలభైకి తగ్గవు అయ్యవారూ."

ఆయన ఒక రాతిగుండు నీడన కూర్చొని, బిందె ముందుకు జరిపారు.

"సరే, తెల్లవారింది. ఇంట్లో పొయ్యి ముట్టించినారు. నీళ్ళు తీసుకరాపో."

పెంచలయ్య నవ్వాడు. అయ్యవారు నవ్వలేదు.

ఇక దిగక తప్పిందా! మిట్టంతా ఒకటే బండ, బావి తవ్వే వీలే లేదు. వాననీళ్ళు నిలిచే దోనె ఒక్కటైనా కనబడలేదు. వాగేమో దిగువన తుమ్మచెట్లకు అవతల. ఇసకలో చెలమ తీసి, బిందె నింపుకొని తిరుగుముఖం పట్టేసరికి ఎండ ముదిరింది. భుజాన పెట్టుకుంటే బిందె జారుతుంది. నెత్తిన పెట్టుకుంటే మెడ పట్టేస్తుంది. చెప్పు తెగితే రెండూ అక్కడే వదిలేసి, కాలే బండ మీద కుంటుకుంటూ, కూలబడుతూ, లేస్తూ ఎక్కాడు. ఊళ్ళో బోరు పడకముందు తన తల్లి ఆ వాగు నుంచే నీళ్ళు మోసేది, అదీ చదును దారిన. అయినా రాత్రిళ్ళు నడుం పట్టుకొని మూలిగేది. ఆ మూలుగు పెంచలయ్యకు ఇప్పుడు గుర్తొచ్చింది.

పైకి చేరేసరికి బిందె సగానికి వచ్చింది. అయ్యవారు దోసిలి పట్టి తాగారు, అతన్నీ కడుపునిండా తాగమన్నారు. మిగిలిన నీళ్ళు బొబ్బలెక్కిన అతని పాదాల మీద మెల్లగా పోశారు. "అబ్బ, ఎంత కాలినాయి నాయనా" అన్నారు. ఆ మాటలో ఎగతాళి లేదు.

తర్వాత ఖాళీ బిందె మళ్ళీ అతని చేతిలో పెట్టారు.

"మనుషులకి ఒక పూటకి సరిపోయింది. ఇంక పశువులకి తేప్పా."

పెంచలయ్య బిందె పట్టుకొని మిట్టంతా కలియజూశాడు. నలభై గడపలు ఊహించుకున్న చోట ఇప్పుడు అతనికి ఎండా, బండా తప్ప ఏమీ కనిపించలేదు.

"రేపు సభలో ఏం మొహం పెట్టుకొని చెప్పేది అయ్యవారూ?"

"ఉన్న మొహంతోనే. నేనూ పక్కన కూర్చుంటాలే."

"మరి నిడుదపాడు యాడుంది?"

అయ్యవారు మోకాళ్ళ మీద చేతులూని లేచారు.

"నాకూ తెలీదప్పా. బిందె మోసేవాళ్ళు సరేనన్న తావులోనే ఊరు నిలుస్తుంది. పద, వెతుకుదాం."