తాబేలు తాతకు ఏడు మెయిళ్ళు

అనగనగా ఒక అడవి. నెట్‌వర్క్ బాగా అందే అడవి. పులి దగ్గర్నుంచి పురుగు దాకా అందరికీ ఫోన్లున్నాయి, అందరికీ ఈమెయిళ్ళున్నాయి. అడవిలో ఫోన్లేమిటని అడక్కండి పిల్లలూ, ఉన్నాయంతే.

ఆ అడవిలో సింగారి అని ఒక ఉడుత ఉండేది. ఇప్పపూలు ఎండబెట్టి, దంచి, బెల్లం కలిపి లడ్డూలు చుట్టేది. ఏడాదికి ఒక్కసారి, చిగురు పండక్కి, వాటిని అమ్మేది. ఆ అమ్మకంతోనే ఏడాదంతా పొట్ట గడవాలి. పండగ దాటితే లడ్డూలు పులిసిపోతాయి. ఆ లోపల అమ్ముడుపోకపోతే ఇక ఆ ఏడు పస్తులే.

సింగారి దగ్గర వాడుకగా కొనే ఇళ్ళు నలభై. పండగ దగ్గర పడగానే ఆ నలభై ఇళ్ళకీ తలా ఒక మెయిలు తనే కూర్చుని రాసేది. "దూదమ్మ వదినా, చిన్నదానికి పళ్ళు ఊడాయట కదా. దానికి మెత్తవి విడిగా చుట్టాను" అని కుందేలుకి రాసేది. "నిదానయ్య తాతా, నీకు బెల్లం తగ్గించాను. ఇక అవ్వ నన్ను తిట్టదులే" అని తాబేలుకి రాసేది. అందరూ వచ్చేవారు. నాలుగు కబుర్లు చెప్పి లడ్డూలు పట్టుకెళ్ళేవారు. బుట్ట ఖాళీ అయ్యేది.

అంతా బాగానే ఉంది కదా. బాగున్నదాన్ని ఇంకా బాగుచేస్తామని ఎవరో ఒకరు వస్తారు. ఇక్కడికి కిటుకుల భూషణం అనే నక్క వచ్చింది. ఊరి శివార్లలో మూడు నెలలు తిరిగి, భుజాన ఒక సంచి తగిలించుకుని, మార్కెటింగ్ గురువునని చెప్పుకుంటూ వచ్చింది.

"పండగ సీజన్లో నలభై మెయిళ్ళేనా? అడవిలో నాలుగు వేల మందున్నారమ్మా," అంది నక్క. "నా దగ్గర మూడు చిట్కాలున్నాయి. చిట్కాకి ఒక బుట్ట లడ్డూలివ్వు చాలు."

సింగారికి ఆశ పుట్టింది. ఇంట్లో ఉన్న ఇప్పపూలన్నీ దంచేసింది. నాలుగు వేల మందికి సరిపడా లడ్డూలు చుట్టడం మొదలుపెట్టింది.

"మొదటి చిట్కా. అందరికీ పంపు," అంది నక్క.

అందరికీ పంపారు. చేపలకీ పంపారు, గబ్బిలాలకీ పంపారు. పులి ఒక్కటే జవాబు రాసింది. "నేను లడ్డూలు తినను. అంగడి ఎక్కడో చెప్పు. ఎవరెవరు వస్తారో చూసుకుంటాను."

"చూశావా, స్పందన మొదలైంది," అని నక్క మురిసిపోయింది. సింగారి మాత్రం పులికి అడ్రసు పంపలేదు. అంతమాత్రం తెలివి అప్పటికింకా మిగిలే ఉంది.

"రెండో చిట్కా. భయపెట్టు. మెయిలు తెరవకముందే గుండె జారాలి," అంది నక్క. 'ఇదే ఆఖరి రోజు, మీ వాటా పోతోంది' అని పైన పెట్టి పంపింది.

కుందేలు దూదమ్మ పొయ్యి మీద కూర వదిలేసి పరిగెత్తుకొచ్చింది. చూస్తే అంగట్లో లడ్డూలు గుట్టలుగా ఉన్నాయి.

"ఆఖరి రోజన్నావు కదా సింగారీ?" అంది ఆయాసపడుతూ.

"అవును వదినా."

"మరి రేపు?"

సింగారి నక్క వైపు చూసింది. "రేపు కూడా ఆఖరి రోజేనమ్మా," అంది నక్క వినయంగా.

దూదమ్మ ఏమీ కొనకుండా వెళ్ళిపోయింది. ఇంటికి వెళ్ళేసరికి కూర మాడిపోయింది. మర్నాడు మళ్ళీ ఆఖరి రోజు వచ్చింది. ఆ మర్నాడు కూడా వచ్చింది.

"మూడో చిట్కా," అంది నక్క. "కొననివాళ్ళని వదలకు. పేరు పెట్టి, ప్రేమగా, రోజుకొకసారి అడుగు. నువ్వు రాయక్కర్లేదు. పాత జాబితా ఇస్తే మిషనే రాస్తుంది. నువ్వు చూడక్కర్లేదు కూడా."

సింగారి జాబితా ఇచ్చింది. మిషను ఏం రాసిందో చూడలేదు. లడ్డూలు చుట్టుకుంటూ కూర్చుంది.

పండగ ముందురోజు పొద్దున అంగడికి తాబేలు మాణిక్యమ్మ వచ్చింది. నిదానయ్య భార్య. ఒళ్ళంతా దుమ్ము. వచ్చి కూర్చుని, ఊపిరి తీసుకుని, ఫోను తీసి చదివింది.

"'నిదానయ్య గారూ, మీరు లేక మా అంగడి బోసిపోయింది. మమ్మల్ని మరిచిపోయారా? రెండు కొంటే ఒకటి ఉచితం.'" ఫోను కింద పెట్టింది. "మరిచిపోలేదు తల్లీ. మీ తాత పోయాడు. నువ్వు కూడా వచ్చావు కదా."

నిజమే. కిందటి వానాకాలంలో తాత పోతే సింగారి వెళ్ళింది. పిడికెడు మట్టి వేసి, ఏడ్చి వచ్చింది. ఇప్పుడు సిగ్గుతో తల ఎత్తలేకపోయింది.

"నేను రాయలేదవ్వా. మిషను రాసింది."

"కింద నీ పేరే ఉందమ్మా. మొత్తం ఏడు వచ్చాయి. నాలుగోది చూసి బయల్దేరాను. మిగతా మూడూ దారిలో చదివాను."

"మొదటిదే తీసి పారేయకపోయావా అవ్వా?"

"ఎలా పారేస్తాను? ఆయన పేరు పెట్టి ఎవరైనా పలకరించి ఎన్నాళ్ళయిందని? మొదటి రెండు ముక్కలూ బాగానే ఉండేవి. ఆ తర్వాత లడ్డూలొచ్చేవి."

నక్క తన ఫోనులో ఏదో చూసుకుని సంబరపడింది. "ఏడుకి ఏడూ తెరిచింది ఈ అవ్వ. అడవి మొత్తంలో ఇంత మంచి కస్టమరు లేదు. ఎనిమిదోది పంపుదామా?"

సింగారి నక్కని అక్కడి నుంచి పొమ్మంది. నక్క పోయింది, మూడో బుట్ట చంకన పెట్టుకునే పోయింది.

సింగారి మిషను ఆపేసి, తన చేత్తో మళ్ళీ మెయిళ్ళు రాసింది. ఒక్కటీ ఎవరూ చదవలేదు. ఆ పేరుతో ఏదొచ్చినా స్పాములో పడేయమని అందరూ తమ ఫోన్లకి ఎప్పుడో చెప్పేసుకున్నారు. ఇక లాభం లేదని, అంగట్లో అవ్వని కూర్చోబెట్టి, సింగారి ఇల్లిల్లూ తిరిగింది. ముందు దూదమ్మ తలుపు కొట్టింది.

"వదినా, నేను, సింగారిని. రేపే పండగ. కాసిని లడ్డూలైనా తీసుకో."

"ఆఖరి రోజా?" అంది దూదమ్మ లోపల్నుంచి.

"ఈసారి నిజంగానే ఆఖరి రోజు వదినా."

"ఎల్లుండి కూడా ఉంటుందిలే," అంది దూదమ్మ. తలుపు తియ్యలేదు. మిగతా తలుపులూ తెరుచుకోలేదు.

పండగ వచ్చింది, వెళ్ళింది. గుట్టలు గుట్టలుగా లడ్డూలు పులిసిపోయాయి. చీమలకి మాత్రం పండగ బాగా జరిగింది. ఆ ఏడు సింగారి ఏం తిని బతికిందో తలుచుకుంటే నాకే కడుపు తరుక్కుపోతుంది.

పండగ మర్నాడు మాణిక్యమ్మ తిరుగు ప్రయాణానికి లేచింది. సింగారి ఆమె దగ్గరకొచ్చి మెల్లగా అంది. "జాబితాలోంచి తాత పేరు తీసేస్తానవ్వా."

"తీసెయ్యి తల్లీ. నా పేరు రాసుకో. ఏడాదికి ఒక్కటి రాయి. నువ్వే రాయి. ముందు నేనెలా ఉన్నానో అడుగు, లడ్డూల సంగతి ఆఖర్న అడుగు."

నాలుగు వేల పేర్ల జాబితాని సింగారి చెరిపేసింది. కొత్త జాబితా మొదలుపెట్టింది. అందులో ఒక్క పేరే ఉంది.

నీతి: పేరు పెట్టి పలకరించే ముందు, ఆ పేరుగలవాళ్ళు ఎలా ఉన్నారో, అసలున్నారో లేదో తెలుసుకోవాలి.